చిన్న వ్యాపారాలలో సమయ నిర్వహణ, సామాజిక మాధ్యమ ప్రణాళిక

చిన్న వ్యాపారాలలో సమయ నిర్వహణ, సామాజిక మాధ్యమ ప్రణాళిక అనగా యజమాని ఒక్కరే గానీ, కుటుంబ సభ్యులు మాత్రమే గానీ నడుపుకొనే వ్యాపారంలో ఉత్పత్తి, కొనుగోలు, అమ్మకం, లెక్కలు మొదలైన నిత్యకృత్యాలకు భంగం కలగకుండా వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి మాధ్యమాలలో ప్రచారం, విక్రయం సాగించడానికి ముందుగా చేసుకొనే కాల విభజన. పెద్ద సంస్థలలో ఈ పనికి ప్రత్యేక విభాగాలు ఉంటాయి. చిన్న వ్యాపారంలో సరుకు తయారు చేసేవారు, ఛాయాచిత్రం తీసేవారు, ధర చెప్పేవారు, పార్సిలు కట్టేవారు ఒక్కరే కావడం వలన ప్రచారానికి వెచ్చించిన ప్రతి గంట ఉత్పత్తి నుండి తీసివేసిన గంటగా పరిణమిస్తుంది. ఈ విషయానికి తెలంగాణలో చక్కని ఉదాహరణ పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలోని గద్వాల చేనేత పరిశ్రమ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలోని తిమ్మాజిపేట వంటి మండల కేంద్రాల దుకాణదారులకు కూడా ఇవే సూత్రాలు కొద్ది మార్పులతో వర్తిస్తాయి.

పరిధి

భారతదేశంలో చిన్న వ్యాపారాలను సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం వర్గీకరిస్తారు. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన పరిమితుల ప్రకారం యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రూ. 2.5 కోట్లకు, వార్షిక టర్నోవరు రూ. 10 కోట్లకు మించనివి సూక్ష్మ సంస్థలు. పెట్టుబడి రూ. 25 కోట్లకు, టర్నోవరు రూ. 100 కోట్లకు మించనివి చిన్న సంస్థలు. వీటి నమోదుకు 2020 జూలై 1 నుండి ఉద్యమ్ అనే పోర్టల్ అందుబాటులో ఉన్నది.

అయితే ఈ వ్యాసంలో ప్రస్తావించే మగ్గాలు, కిరాణా కొట్లు, కుట్టుపని దుకాణాలు, పిండివంటల తయారీదారులు మొదలైనవారు సూక్ష్మ సంస్థల పరిమితికి కూడా ఎంతో దిగువన ఉంటారు. వీరికి కొరతగా ఉండేది పెట్టుబడి ఒక్కటే కాదు, సమయం కూడా. పెట్టుబడిని అప్పు తెచ్చుకోవచ్చును గానీ సమయాన్ని తెచ్చుకొనే వీలు లేదు.

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు చిన్న వ్యాపారి ప్రచారం దుకాణం పేరు పలక, సంతలో పిలుపు, జాతరలలో అంగడి, గోడ రాతలు, కరపత్రాలకు పరిమితమై ఉండేది. ఈ పనులకు ఒక కాలం, ఒక చోటు ఉండేవి. సంత ముగిస్తే ప్రచారమూ ముగిసేది.

ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, వాట్సాప్ 2009లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో ప్రారంభమైనవి. ఫేస్‌బుక్ సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లోను, వాట్సాప్‌ను 2014లోను కొనుగోలు చేసింది. 2021లో ఆ సంస్థ తన పేరును మెటాగా మార్చుకొన్నది. భారతదేశంలో చిన్న వ్యాపారుల దృష్టిని ఈ మాధ్యమాలవైపు మళ్ళించిన ముఖ్య పరిణామాలు ఇవి:

- 2016 ఏప్రిల్: యు.పి.ఐ. చెల్లింపుల విధానం ప్రారంభం. దూరప్రాంత కొనుగోలుదారు నుండి తక్షణమే డబ్బు పొందే వీలు కలిగింది.
- 2016 సెప్టెంబరు 5: జియో సేవల ప్రారంభం. దీని తరువాత ఇంటర్నెట్ డేటా ధరలు బాగా తగ్గినవి.
- 2018 జనవరి: వాట్సాప్ బిజినెస్ అనువర్తనం విడుదల. 2019 నవంబరులో దీనికి సరుకుల జాబితా చూపే కేటలాగ్ సౌకర్యం జతచేయబడింది.
- 2020 మార్చి: కోవిడ్-19 కారణంగా దేశవ్యాప్త లాక్‌డౌన్. దుకాణాలు, ప్రదర్శనలు మూతపడి సరుకు నిలిచిపోయినందున అనేకులు ఫోను ద్వారా అమ్మకాలు మొదలుపెట్టారు.
- 2020 జూన్ 29: భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా అనువర్తనాలను నిషేధించింది. అదే సంవత్సరం జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ భారతదేశంలో ప్రవేశించినవి.

ఈ మార్పుల ఫలితంగా వ్యాపారికి లభించే మార్కెట్ విస్తరించింది. అదే సమయంలో ప్రచారానికి ఉండిన కాలపరిమితి తొలగిపోయింది. రాత్రి పదకొండు గంటలకు కూడా ధర అడిగే సందేశం రావచ్చును. ప్రణాళిక అవసరం ఇక్కడే ఏర్పడింది.

సమయ నిర్వహణ సూత్రాలు

సమయ నిర్వహణపై ప్రచారంలో ఉన్న పద్ధతులు అధిక భాగం కార్యాలయ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. వాటిలో చిన్న వ్యాపారికి ఉపయోగపడేవి కొన్ని:

పార్కిన్సన్ సూత్రం: బ్రిటిష్ రచయిత సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ది ఎకనామిస్ట్ పత్రికలో ప్రతిపాదించిన ఈ సూత్రం ప్రకారం, ఒక పనికి ఎంత సమయం ఇస్తే ఆ పని అంత సమయానికీ విస్తరిస్తుంది. సామాజిక మాధ్యమాలకు గడువు పెట్టకపోతే అవి రోజంతా వ్యాపిస్తాయి. కనుక "ప్రచారానికి రోజుకు ఇన్ని నిముషాలు" అని ముందే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

పారెటో సూత్రం: ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పారెటో పేరుతో ప్రసిద్ధమైన ఈ పరిశీలన ప్రకారం, అనేక సందర్భాలలో ఫలితంలో అధిక భాగం కొద్దిపాటి కారణాల నుండి వస్తుంది. దీనిని 80-20 నియమమని కూడా అంటారు. ఇది ఖచ్చితమైన గణిత సూత్రం కాదు. అయినా, గడచిన మూడు నెలల అమ్మకాలను ఏ మాధ్యమం ద్వారా వచ్చినవో విడదీసి చూస్తే ఒకటి రెండు మాధ్యమాలే ఎక్కువ ఆదాయం తెస్తున్న సంగతి తరచుగా బయటపడుతుంది. మిగిలిన వాటిని వదులుకొంటే సమయం మిగులుతుంది.

అత్యవసరం, ముఖ్యం అనే విభజన: అమెరికా అధ్యక్షుడు డ్వైట్ ఐసెన్‌హోవర్ పేరుతో పిలిచే ఈ పట్టికను స్టీఫెన్ కవీ 1989లో వెలువరించిన గ్రంథం బాగా ప్రాచుర్యంలోకి తెచ్చింది. పనులను అత్యవసరమూ ముఖ్యమూ అయినవి, ముఖ్యమే గాని అత్యవసరం కానివి, అత్యవసరంగా కనబడినా ముఖ్యం కానివి, రెండూ కానివి అని నాలుగు గడులలో వేస్తారు. ఫోనులో వచ్చే ప్రతి శబ్దమూ మూడవ గడిలోని పనిని మొదటి గడిలోనిదిగా భ్రమింపజేస్తుంది. వచ్చే పండుగకు సరుకు సిద్ధం చేయడం రెండవ గడిలోనిది. దానిని ఎవరూ గుర్తుచేయరు.

అంతరాయాల నష్టం: ఒక పని నుండి మరొక పనికి మారినపుడు మనసులో కొంత భాగం పాత పనిపైనే నిలిచిపోతుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. తరచుగా అంతరాయం కలిగినవారు పనిని తొందరగా ముగించినప్పటికీ అధిక ఒత్తిడికి లోనవుతారని గ్లోరియా మార్క్, ఆమె సహపరిశోధకులు 2008లో తెలిపారు. అందువలన ఒకే రకమైన పనులను ఒక చోట చేర్చి ఒకేసారి చేయడం మేలైన పద్ధతిగా చెబుతారు. ఉదాహరణకు వారానికి కావలసిన ఛాయాచిత్రాలన్నీ ఒకే పూట తీయడం, సమాధానాలన్నీ రోజుకు రెండుసార్లు మాత్రమే ఇవ్వడం.

సామాజిక మాధ్యమ ప్రణాళిక

మాధ్యమం ఎంపిక

అన్ని మాధ్యమాలలోనూ ఉండటం చిన్న వ్యాపారికి సాధ్యం కాదు, అవసరమూ కాదు. ఒక్కొక్క మాధ్యమానికి ఒక్కొక్క గుణం ఉన్నది.

- వాట్సాప్ బిజినెస్: ఇప్పటికే పరిచయమున్న కొనుగోలుదారులకు ఉపయోగకరం. కేటలాగ్, ముందుగా రాసిపెట్టుకొనే సమాధానాలు, దుకాణం మూసిన వేళలలో తనంతట తానే వెళ్ళే సందేశం, కొనుగోలుదారులను గుర్తించే లేబుళ్ళు ఇందులో ఉన్నవి. బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపిన సందేశం, వ్యాపారి నంబరును తమ ఫోనులో భద్రపరచుకొన్నవారికి మాత్రమే చేరుతుంది.
- ఇన్‌స్టాగ్రామ్: చీరలు, నగలు, అలంకరణ సామగ్రి వంటి చూపుకు ఆకర్షణీయమైన సరుకులకు అనువైనది. కొత్తవారికి పరిచయం కావడానికి రీల్స్ తోడ్పడతాయి.
- ఫేస్‌బుక్: ఊరి పేర్లతో, వృత్తుల పేర్లతో ఉన్న సమూహాల ద్వారా స్థానికులను, ఆ ఊరి నుండి వలస వెళ్ళినవారిని చేరడానికి వీలున్నది.
- యూట్యూబ్: తయారీ విధానాన్ని వివరంగా చూపడానికి తగినది. వీడియో తయారీకి ఎక్కువ సమయం పడుతుంది గాని, అది చాలా కాలం వరకు వెతికేవారికి దొరుకుతుంది.
- గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: ఇది సామాజిక మాధ్యమం కాకపోయినా దుకాణం చిరునామా, వేళలు ఉచితంగా పటంలో చూపుతుంది. ఒకసారి పూర్తిచేస్తే నిత్యం చూడవలసిన పని తక్కువ.

ఒక ముఖ్య మాధ్యమం, ఒక సహాయక మాధ్యమం ఎంచుకొని కనీసం మూడు నెలలు వాటికే కట్టుబడి, తరువాత ఫలితాన్ని సమీక్షించుకోవడం ఆచరణకు వీలైన పద్ధతి.

విషయ విభజన

నిత్యం "కొనండి" అనే ప్రకటనలు మాత్రమే పెడితే చూసేవారు విసుగు చెందుతారు. కనుక విషయాలను కొన్ని తరగతులుగా విభజించుకొంటారు. సరుకు, ధర తెలిపేవి ఒకటి. తయారీని చూపేవి రెండవది. వాడుక, సంరక్షణకు సంబంధించిన సమాచారం మూడవది. కొనుగోలుదారుల అనుమతితో వారి అభిప్రాయాలు, ఛాయాచిత్రాలు నాలుగవది. వారానికి మూడు ప్రకటనలు పెట్టాలనుకొన్నవారు ఈ తరగతుల నుండి వరుసగా ఒక్కొక్కటి తీసుకొంటే "ఈ రోజు ఏమి పెట్టాలి" అన్న ఆలోచనకు సమయం వృథా కాదు.

ధర రాయకుండా "ధరకు సందేశం పంపండి" అని పెట్టడం వాడుకలో ఉన్నది. దీని వలన వచ్చే సందేశాల సంఖ్య పెరిగినా, ఒకే ప్రశ్నకు పదేపదే సమాధానం ఇవ్వవలసి వస్తుంది. ధర, కొలత, రంగు, పంపిణీ రుసుము, ఎన్ని రోజులలో చేరుతుందన్న వివరాలు ప్రకటనలోనే ఉంటే ఆ సమయం మిగులుతుంది.

పంచాంగం

తెలుగు ప్రాంతాలలో వస్త్రాలు, నగలు, మిఠాయిలు మొదలైన వాటి గిరాకీ పండుగలు, ముహూర్తాలను అనుసరించి ఉంటుంది. అందువలన ప్రచార ప్రణాళికకు పంచాంగమే మొదటి ఆధారం.

- సంక్రాంతి, ఉగాది: కొత్త బట్టలు, పిండివంటలు.
- ఆషాఢం: పెళ్ళిళ్ళు లేని మాసం. పెద్ద దుకాణాలు తగ్గింపు అమ్మకాలు జరుపుతాయి. చిన్న వ్యాపారికి సరుకు సిద్ధం చేసుకొనే కాలం.
- శ్రావణం: పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతం. చీరల గిరాకీ ఎక్కువ.
- బతుకమ్మ, దసరా: భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే తొమ్మిది రోజులు తెలంగాణలో ముఖ్యమైన వ్యాపార కాలం.
- దీపావళి తరువాత: పాలమూరు ప్రాంతంలో కురుమూర్తి జాతర.
- పుష్యం (శూన్యమాసం), మూఢం రోజులు: శుభకార్యాలు తక్కువ. పాత లెక్కలు సరిచూసుకోవడానికి, ఛాయాచిత్రాలు తీసి నిలవ చేసుకోవడానికి అనుకూలం.

తేదీ తెలిసిన తరువాత వెనుకకు లెక్కించడం ప్రణాళికలో ముఖ్యమైన మెట్టు. ఉదాహరణకు వరలక్ష్మీ వ్రతానికి చీర కొనుగోలుదారు ఇంటికి వారం ముందు చేరాలంటే, పార్సిలుకు మరొక వారం, ఆర్డర్లు తీసుకోవడానికి రెండు వారాలు, అంతకు ముందు ఛాయాచిత్రాలకు రెండు రోజులు కావాలి. అనగా పండుగకు నాలుగు వారాలకు పైగా ముందే సరుకు చేతిలో ఉండాలి. పండుగకు వారం ముందు మొదలుపెట్టిన ప్రచారం ఎంత బాగున్నా దాని వలన వచ్చిన ఆర్డర్లను అందించడం కష్టమవుతుంది.

ముందుగా అమర్చిపెట్టడం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను నిర్ణీత సమయానికి వాటంతట అవే ప్రచురితమయ్యేలా మెటా బిజినెస్ సూట్‌లో ఉచితంగా అమర్చవచ్చును. యూట్యూబ్‌లో కూడా ఈ వీలు ఉన్నది. వారంలో ఒక పూట రెండు గంటలు కూర్చొని వారానికి సరిపడే ప్రకటనలు అమర్చుకొంటే, మిగిలిన రోజులలో సమాధానాలు ఇచ్చే పని మాత్రమే ఉంటుంది.

కొలమానం

ఇష్టాలు, అనుసరించేవారి సంఖ్య అమ్మకాలకు ప్రత్యక్ష కొలత కావు. ఒక పుస్తకంలో ప్రతి ఆర్డరు ఎదుట అది ఎక్కడి నుండి వచ్చినది, సందేశం మొదలైనప్పటి నుండి డబ్బు వచ్చే వరకు సుమారు ఎంత సమయం పట్టినది అని రాసుకొంటే చాలు. నెల చివర ఒక్కొక్క మాధ్యమం నుండి వచ్చిన లాభాన్ని దానికి పట్టిన గంటలతో భాగిస్తే గంటకు ఆదాయం తెలుస్తుంది. ఆ మొత్తం మగ్గంపై గానీ, కుట్టు మిషనుపై గానీ గంటకు వచ్చే ఆదాయం కంటే తక్కువైతే ప్రణాళికను మార్చుకోవలసి ఉంటుంది.

ఉదాహరణ: గద్వాల చేనేత

గద్వాల జోగులాంబ గద్వాల జిల్లా కేంద్రం. కృష్ణా, తుంగభద్రా నదుల మధ్య గల నడిగడ్డ ప్రాంతంలో ఉన్నది. పూర్వం ఇది ఒక సంస్థానానికి రాజధాని. ఇక్కడి చీరల ప్రత్యేకత నూలు దేహానికి పట్టు అంచు, పట్టు కొంగు జతచేసి నేయడం. దేహం, అంచు వేర్వేరు పోగులతో నేస్తూ పేకను ఒకదానితో ఒకటి ముడివేసే కుప్పడం పద్ధతి, అంచుపై కోటకొమ్మ రూపం ప్రసిద్ధమైనవి. గద్వాల చీరలకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. గద్వాలతో పాటు అయిజ, రాజోలి, వనపర్తి జిల్లాలోని అమరచింత ఈ ప్రాంతపు ముఖ్య నేత కేంద్రాలు.

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏరువాడ జోడు పంచెలు సమర్పించే సంప్రదాయం ఉన్నది. నేతకారులు దీక్షతో 41 రోజులపాటు వీటిని నేస్తారు. తేదీ ముందుగా నిశ్చయమై, పని దినాలను దాని నుండి వెనుకకు లెక్కించి, ఆ కాలంలో మరే పనీ పెట్టుకోకుండా పూర్తిచేసే ఈ ఆచారం కాల ప్రణాళికకు స్థానికంగా ఉన్న పాత ఉదాహరణ.

మగ్గం గంటల లెక్క

కుప్పడం పద్ధతిలో నేతకారునికి అంచు నాడెలు అందించే సహాయకులు కూడా కావాలి. సాధారణంగా భార్యాభర్తలు కలిసి నేస్తారు. అందువలన ఫోను తీసుకొని ఒకరు లేస్తే ఇద్దరి పని ఆగుతుంది. కేవలం లెక్క కోసం ఒక చీరకు 40 మగ్గం గంటలు పడుతుందనుకొంటే, రోజుకు 8 గంటల చొప్పున 25 పని దినాలలో 5 చీరలు వస్తాయి. రోజుకు 2 గంటలు సందేశాలకు, వీడియో కాల్‌లకు పోతే నెలకు 150 గంటలే మిగులుతాయి. అప్పుడు నాలుగవ చీర కూడా పూర్తి కాదు. నెలకు పోయిన ఆ ఒకటింపావు చీర విలువను మించి నేరు అమ్మకంలో అదనపు లాభం రాకపోతే, సామాజిక మాధ్యమం వలన ఆ కుటుంబానికి నష్టమే.

మరొక వైపు, నేతకారులలో అనేకులు మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలు, పట్టు, జరీతో నేసి కూలి మాత్రమే పొందుతారు. చీర ధరలో మిగిలిన భాగం మధ్యవర్తులకు, దుకాణాలకు చెందుతుంది. సొంతంగా కొనుగోలుదారును చేరగలిగితే ఆ భాగంలో కొంత ఇంటికి వస్తుంది. కాని సొంతంగా అమ్మేవారు పోగుల ఖర్చు, అమ్ముడుపోని చీర భారం, వాపసు వచ్చిన సరుకు కూడా భరించవలసి ఉంటుంది. ఈ రెండింటి మధ్య తూకం చూసుకోవడమే నేతకారుని ముందున్న అసలు సమస్య.

2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనులలో 35 లక్షలకు పైగా కార్మికులు ఉన్నారు. వీరిలో సుమారు 72 శాతం మహిళలు. ఇంటి పని, కండెలు చుట్టడం, అంచు అందించడం ఇప్పటికే మహిళలపై ఉండగా, ఫోను సందేశాల పని కూడా వారిపైనే పడే అవకాశం ఉన్నది. సమయ ప్రణాళిక వేసేటప్పుడు ఈ పని గంటలను కూడా లెక్కించవలసి ఉంటుంది.

ఆచరణలో ఉపయోగపడే మార్గాలు

- పని విభజన: ఇంటిలో చదువుకొన్న యువతీ యువకులు ఉంటే ఛాయాచిత్రాలు, సమాధానాల బాధ్యత వారికి అప్పగించి, మగ్గంపై కూర్చున్నవారి ఫోనును పని వేళల్లో దూరంగా ఉంచడం.
- ఉమ్మడి ఖాతా: కొన్ని కుటుంబాలు గానీ, సహకార సంఘం గానీ ఒకే ఖాతా నడుపుతూ ఒకరికి జీతమిచ్చి ఆ పని చేయించడం. పది కుటుంబాలు రోజుకు గంట చొప్పున వెచ్చించే పది గంటలు దీనితో తగ్గుతాయి.
- పడుగు ముందు ప్రకటన: ఒక పడుగుపై సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ చీరలు నేస్తారు. పడుగు వేసే ముందే రంగులు చూపి, కొంత ముందస్తు సొమ్ము తీసుకొని ఆర్డర్లు స్వీకరిస్తే సరుకు నిలిచిపోయే ప్రమాదం తగ్గుతుంది.
- నేతనే విషయంగా చూపడం: మగ్గంపై చీర నేస్తున్న దృశ్యం మరమగ్గపు నకిలీకి, చేనేతకు గల తేడాను తెలుపుతుంది. మగ్గం పక్కన ఫోను నిలిపి తీస్తే దీనికి వేరుగా సమయం అక్కరలేదు.

ప్రతి సంవత్సరం ఆగస్టు 7న జరిగే జాతీయ చేనేత దినోత్సవం కూడా ప్రచారానికి అనువైన సందర్భం. 1905లో అదే తేదీన ప్రారంభమైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుండి దీనిని జరుపుతున్నారు. శ్రావణ మాసపు గిరాకీకి ఇది దగ్గరగా వస్తుంది.

మండల కేంద్రాల దుకాణాలు

తిమ్మాజిపేట నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేది. ఇటువంటి మండల కేంద్రాలలో దుకాణాల కొనుగోలుదారులు ముఖ్యంగా చుట్టుపక్కల గ్రామాల రైతు కుటుంబాలు. వీరి చేతికి పంట డబ్బు వచ్చే కాలం, నాట్లు, కోతలతో తీరిక లేని కాలం వ్యాపారికి తెలిసి ఉండాలి. వ్యవసాయ పనుల రోజులలో మధ్యాహ్నం పంపిన సందేశం కంటే ఉదయం పెందలకడనో, రాత్రి భోజనాల వేళనో పంపినది చదవబడే అవకాశం ఎక్కువ.

పాలమూరు ప్రాంతం నుండి హైదరాబాదు, ముంబై, పుణె నగరాలకు పని కోసం వలస వెళ్ళినవారు అనేకులు. పండుగకు, జాతరకు ఊరికి వచ్చే ముందు వారు స్వగ్రామపు దుకాణంలో సరుకు చెప్పిపెట్టుకొనే వీలు సామాజిక మాధ్యమాల వలన కలిగింది. స్థానిక దుకాణానికి విదేశీ కొనుగోలుదారుల కంటే వీరే ఎక్కువ అందుబాటులో ఉన్న వర్గం.

ఒక్కరే నడిపే దుకాణానికి నమూనా వారపు ప్రణాళిక కింది విధంగా ఉండవచ్చును. స్థానిక సంత రోజును బట్టి దీనిని మార్చుకోవాలి.

- ఒక రోజు మధ్యాహ్నం (రద్దీ లేని వేళ), 2 గంటలు: ఛాయాచిత్రాలు తీయడం, మూడు ప్రకటనలు రాసి అమర్చడం.
- ప్రతి రోజు ఉదయం దుకాణం తెరవక ముందు, 15 నిముషాలు: రాత్రి వచ్చిన సందేశాలకు సమాధానాలు.
- ప్రతి రోజు సాయంత్రం, 20 నిముషాలు: ఆర్డర్లు, చెల్లింపులు సరిచూడటం.
- వారానికి రెండు రోజులు, గంట చొప్పున: పార్సిళ్ళు కట్టి పంపడం.
- సంత రోజు: సామాజిక మాధ్యమాల పని లేదు.
- నెలలో ఒక రోజు, గంట: గంటకు ఆదాయం లెక్కించి వచ్చే నెల పంచాంగం చూడటం.

వారానికి ఆరు రోజులు పని చేసే దుకాణంలో ఈ నమూనాకు అయ్యే మొత్తం సమయం, సంత రోజు మినహా, వారానికి సుమారు 7 గంటలు. సమాధానాల వేళలను దుకాణం పలకపైన, వాట్సాప్ స్వయంచాలక సందేశంలోను తెలిపితే కొనుగోలుదారులు ఆ వేళలకు అలవాటు పడతారు.

చట్టపరమైన అంశాలు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఇ-కామర్స్ నియమాలు 2020 జూలైలో ప్రకటించబడినవి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఈ చట్టం ప్రకారం శిక్షార్హం. డబ్బు లేదా ఉచిత సరుకు తీసుకొని ప్రచారం చేసేవారు ఆ విషయం స్పష్టంగా తెలపాలి. భౌగోళిక గుర్తింపు చట్టం, 1999 ప్రకారం గుర్తింపు పొందిన పేరును ఆ ప్రాంతానికి చెందని సరుకుకు వాడరాదు. కనుక మరమగ్గపు బట్టను గద్వాల చీర అని ప్రకటించడం చట్ట విరుద్ధం. నిజమైన చేనేతకు 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ గుర్తును వాడుకొనే వీలున్నది. కొనుగోలుదారుల ఫోను నంబర్లు, చిరునామాలు వ్యక్తిగత సమాచారం అయినందున వారి అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడం, సమూహాలలో చేర్చడం తగదు. దీనిపై 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది.

ఇబ్బందులు, విమర్శలు

మాధ్యమంపై ఆధారపడటం: 2020లో టిక్‌టాక్ నిషేధంతో దానిపైనే ఆధారపడినవారు తమ అనుచరులందరినీ ఒక్కసారిగా కోల్పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలపాటు పనిచేయలేదు. అంతకు ముందు భారతదేశంలో విస్తృతంగా వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు, వారు కొన్న సరుకు వివరాలు విడిగా ఒక పుస్తకంలో రాసుకోవడం ఈ ప్రమాదానికి సులభమైన విరుగుడు.

మోసాలు: డబ్బు పంపినట్లు నకిలీ స్క్రీన్‌షాట్ చూపడం, డబ్బు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి పిన్ అడగడం సాధారణంగా కనిపించే మోసాలు. డబ్బు స్వీకరించడానికి యు.పి.ఐ. పిన్ నమోదు చేయవలసిన అవసరం లేదు. సొమ్ము జమ అయిన సంగతి బ్యాంకు ఖాతాలో చూసుకొన్న తరువాతే సరుకు పంపాలి. మోసపోయినవారు జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫిర్యాదు చేయాలి.

నమూనాల అనుకరణ: కొత్త చీర ఛాయాచిత్రం ప్రచురించిన కొద్ది కాలానికే అదే నమూనా మరమగ్గంపై తక్కువ ధరకు రావడం చేనేత రంగంలో ఉన్న పాత సమస్య. సామాజిక మాధ్యమాల వలన ఇది మరింత వేగవంతమైనది. కొందరు కొత్త నమూనాలను బహిరంగంగా ప్రచురించక, పాత కొనుగోలుదారులకు మాత్రమే చూపుతారు.

విశ్రాంతి లోపం: పని వేళలకు హద్దు లేకపోవడం వలన నిద్ర, కుటుంబ జీవితం దెబ్బతినే అవకాశం ఉన్నది. మాధ్యమాల సంస్థలు నిత్యం ప్రచురించేవారికి ప్రాధాన్యం ఇస్తాయన్న భయంతో చిన్న వ్యాపారులు శక్తికి మించి శ్రమిస్తారన్న విమర్శ ఉన్నది. వారానికి రెండు ప్రకటనలైనా క్రమం తప్పక పెట్టడం, నెలరోజులు నిత్యం పెట్టి ఆపివేయడం కంటే మేలు.

సామర్థ్యానికి మించిన గిరాకీ: ఒక వీడియో అనుకోకుండా ప్రాచుర్యం పొందితే వచ్చే ఆర్డర్లను చేతిపని వేగం అందుకోలేదు. నెలకు ఎన్ని ఆర్డర్లు తీసుకోగలరో ముందే నిర్ణయించుకొని, అంతకు మించినవారికి తదుపరి నెల తేదీ చెప్పడం వలన మాట పోకుండా ఉంటుంది. గుంట మగ్గాలపై వానాకాలంలో పని మందగిస్తుంది కనుక ఆ నెలలకు ఈ సంఖ్యను తగ్గించుకోవాలి.

ఇవి కూడా చూడండి

- గద్వాల
- గద్వాల చీర
- తిమ్మాజిపేట
- చేనేత
- నారాయణపేట చీరలు
- సామాజిక మాధ్యమం
- జాతీయ చేనేత దినోత్సవం